రేకు ముడతల్లో పద్నాలుగు శాతం

మన సొసైటీ లెక్కల పుస్తకంలో "షెడ్డు రంగులు, బకాయి చెల్లింపు: రూ.3,360" అని ఒక చిన్న పద్దు ఉంది. సర్వసభ్య సమావేశంలో దాని గురించి ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే జవాబు చెప్పవలసినవాణ్ని నేనే. అది ఒక రంగుల మేస్త్రీ కూలి. దాన్ని మూడు వారాలు ఆపించింది నేను. లెక్కల మాస్టరునన్న హోదాలో ఆపించాను, లెక్క వేయకుండానే ఆపించాను. మన ఆదివారం ట్యూషన్‌కు వచ్చే ఇంటర్, డిగ్రీ పిల్లల కోసం ఆ లెక్కను ఇక్కడ మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను. పెద్దలు మధ్యలో వర్గమూలాలు వదిలేసి చదివినా ఫర్వాలేదు.

నాచారంలో మన కుట్టు శిక్షణ షెడ్డు పైకప్పు ఇనుప ముడత రేకులు. కప్పుకు రెండు వాలులు. ఒక్కో వాలు పొడవు 40 అడుగులు, వెడల్పు 15 అడుగులు. రెండూ కలిపి 1,200 చదరపు అడుగులు, లోపలా బయటా రంగు కాబట్టి 2,400. ప్రైమరుతో సహా లేబరు చదరపు అడుగుకు పది రూపాయలని మాట. అంటే 24,000 రావాలి. మేస్త్రీ 27,360కి బిల్లు తెచ్చాడు.

"ఇదేంటి మేస్త్రీ, మూడు వందల ముప్పై ఆరు అడుగులు ఎక్కువ రాశావు?" అన్నాను.

"సార్, రేకు సాపుగ లేదు గద, ఒంపులున్నయ్. మీరు టేపు ఒంపుల మీంచి గుంజి పట్టిన్రు. నా బ్రష్షు ఒంపు లోపలికి దిగుతది. గవర్నమెంటు పనుల్ల గూడ రేకులకు పద్నాలుగు పర్సెంటు కలిపి ఇస్తరు సార్."

నాకు నమ్మకం కుదరలేదు. నలుగురు ఇచ్చిన సదఖా డబ్బు, అమానత్, ఒక్క రూపాయి కూడా ఎక్కువ పోకూడదని నా పట్టుదల. 24,000 ఇచ్చి మిగతాది ఆపమన్నాను. ఖజాంచి సాబ్ నా మాట కాదనలేక సరే అన్నారు గానీ, లేచి వెళ్తూ, "మాస్టర్ సాబ్, సూరా ముతఫ్ఫిఫీన్ దుకాణాల వాళ్లకే కాదు, బిల్లులు పాస్ చేసే మనకు కూడా" అన్నారు. ఆ మాట అప్పుడు నాకు కాస్త కోపమే తెప్పించింది.

మూడో ఆదివారం నాడు కుట్టు క్లాసులోని ఒక అమ్మాయి ఈ గొడవ విని, తన మెడలోని కొలతల టేపు తీసి, షెడ్డు పక్కన మిగిలి ఉన్న రేకు ముక్క మీద వేసింది. ఇనుప టేపు ఒంగదు, దర్జీ టేపు ఒంగుతుంది. ఎనిమిది ముడతల దాకా గట్టు ఎక్కిస్తూ గాడిలోకి దించుతూ వేలితో నొక్కుకుంటూ పోయింది. నేరుగా కొలిస్తే 24 అంగుళాలు. ఆమె టేపు మీద 27 అంగుళాల 3 నూళ్లు, అంటే 27.375. భాగిస్తే 1.14. "సార్, పద్నాలుగే వచ్చింది" అంది.

టేపు చెప్పింది సరే. కానీ గుడ్డ టేపు సాగుతుంది, గాడి అడుగుకు సరిగా ఆనకపోవచ్చు. గణితం ఏమంటుందో చూడకుండా ఒప్పుకోవడం నాకు చేత కాలేదు. ఆ రాత్రి ఇషా నమాజు తర్వాత కూర్చుని చేసిన లెక్క ఇది.

పాత అంగుళాల కొలతలో ఈ రేకులో ఒక గట్టు నుంచి తర్వాతి గట్టుకు 3 అంగుళాలు, గట్టు పైనుంచి గాడి అడుగుకు ముప్పావు అంగుళం. ముడత ఆకారం సైను వక్రమని అనుకుందాం. మధ్య గీత నుంచి ఎత్తు గరిష్ఠంగా ముప్పావులో సగం, అంటే 3/8 అంగుళం. ఒక పూర్తి ముడతకు 360 డిగ్రీలు కాబట్టి ఒక అంగుళానికి 120 డిగ్రీలు. ముడత మొత్తాన్ని లెక్కించనక్కర లేదు. మధ్య గీత నుంచి గట్టు కొన దాకా పావు ముడత చాలు, మిగతా మూడు పావులూ దాని ప్రతిబింబాలే. పావు ముడత అడ్డం పొడవు 0.75 అంగుళం, ఎత్తు 0.375 అంగుళం.

అన్నిటికంటే మోటు పద్ధతి, ఆ వక్రం స్థానంలో ఒక తిన్నని గీత గీయడం. పైథాగరస్ ప్రకారం దాని పొడవు అడ్డం పొడవుకు 1.118 రెట్లు. అంటే ఒంపుల వల్ల కనీసం 11.8 శాతం పెరుగుతుంది. ఇక్కడే నా వాదన సగం చచ్చిపోయింది. రెండు బిందువుల మధ్య తిన్నని గీత కంటే పొట్టి దారి లేదు కాబట్టి అసలు పొడవు ఇంతకంటే ఎక్కువే ఉండాలి, తక్కువ ఉండే ప్రశ్నే లేదు. ఇందుకు సమాకలనం అక్కర లేదు, తొమ్మిదో తరగతి చాలు. నేను ఆ మాత్రం కూడా చేయలేదు.

ఆ పావు ముడతనే రెండు ముక్కలు చేసి రెండు గీతలు గీస్తే 1.1334 రెట్లు. నాలుగు ముక్కలు చేస్తే 1.1382. ముక్కలు పెరిగేకొద్దీ గీతలు వక్రానికి అతుక్కుపోతాయి, పొడవు పెరుగుతూ ఒక చోట ఆగుతుంది. ముక్కల సంఖ్య రెట్టింపు చేసిన ప్రతిసారీ మిగిలిన లోపం సుమారు నాలుగో వంతుకు తగ్గుతుంది. ఇది తెలిస్తే ఒక కిటుకు వాడుకోవచ్చు. చివరి రెండు జవాబుల తేడాలో మూడో వంతు తీసి చివరి జవాబుకు కలపండి. 1.1382కు 0.0016 కలిపితే 1.1398.

ఇలా వక్రంలో తిన్నని జ్యాలు గీసి పొడవు పట్టడం కొత్త విద్య కాదు. సమర్‌ఖంద్‌లో ఉలుగ్ బేగ్ ఆస్థానంలో పనిచేసిన జంషీద్ అల్ కాషీ 1424లో వృత్త పరిధిని ఇదే దారిలో లెక్కించాడు. ఆయన తీసుకున్న బహుభుజికి 80,53,06,368 భుజాలు. మూడును ఇరవై ఎనిమిది సార్లు రెట్టింపు చేస్తే వచ్చే సంఖ్య అది. ఫలితంగా పై విలువ 16 దశాంశ స్థానాల దాకా సరిగ్గా వచ్చింది. అంత కచ్చితత్వం ఎందుకంటే, వ్యాసం భూమి వ్యాసానికి ఆరు లక్షల రెట్లుండే వృత్తం గీసినా పరిధిలో లోపం ఒక వెంట్రుక మందం దాటకూడదన్నది ఆయన పెట్టుకున్న షరతు. మనకు దగ్గరి ముచ్చట కూడా ఒకటుంది. నాచారం నుంచి తార్నాక మీదుగా పోతే వచ్చే ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణలో దాయిరతుల్ మఆరిఫ్ ఉంది. 1888లో మొదలైన ఆ సంస్థ అల్ బీరూనీ రాసిన 'అల్ ఖానూన్ అల్ మస్ఊదీ'ని 1954–56 మధ్య మూడు సంపుటాలుగా అచ్చువేసింది. అందులో ఒక భాగం మొత్తం జ్యాల గురించే. మన పిల్లలు ఎంతమంది ఆ గేటు ముందు నుంచి బస్సులో పోతారో, ఎంతమందికి ఆ సంగతి తెలుసో!

సరే, రేకు దగ్గరికి వద్దాం. జ్యాల పద్ధతిలో ప్రతి ముక్కకూ ఎత్తుల తేడాలు తీయాలి. సమాకలనం వస్తే పని ఇంకా తేలిక. వక్రం మీద చాలా చిన్న ముక్కను తీసుకోండి. అడ్డంగా ఒక మిల్లీమీటరు పోతే వక్రం వెంట ఎంత పోతాం? అది ఆ చోటి వాలు మీద ఆధారపడుతుంది. వాలును వర్గం చేసి, ఒకటి కలిపి, వర్గమూలం తీస్తే ఆ చోట వక్రం ఎన్ని రెట్లు సాగిందో వస్తుంది. దాన్ని సాగుడు అని పిలుద్దాం. సాగుడు చోటు చోటుకూ మారుతుంది. గట్టు కొన మీద వాలు సున్నా, సాగుడు సరిగ్గా 1. మధ్య గీత దగ్గర వాలు అన్నిటికంటే ఎక్కువ. మనకు కావలసింది పావు ముడత అంతటా సాగుడు సగటు.

మన వక్రానికి ఎత్తు 3/8 × సైన్ కోణం. అవకలనం చేస్తే వాలు సరిగ్గా (పై ÷ 4) × కొసైన్ కోణం, అంటే 0.7854 × కొసైన్ కోణం. మూడు అంగుళాలు, ముప్పావు అంగుళం అన్న కొలతల పుణ్యమా అని లెక్క ఇంత శుభ్రంగా వచ్చింది. ఇక సాగుడు విలువలు:

0 డిగ్రీల దగ్గర: వాలు 0.7854, సాగుడు 1.2716
22.5 డిగ్రీల దగ్గర: వాలు 0.7256, సాగుడు 1.2355
45 డిగ్రీల దగ్గర: వాలు 0.5554, సాగుడు 1.1439
67.5 డిగ్రీల దగ్గర: వాలు 0.3006, సాగుడు 1.0442
90 డిగ్రీల దగ్గర: వాలు 0, సాగుడు 1.0000

ఇక్కడ ఒక విద్యార్థి అడిగాడు, "సార్, ఇన్ని విలువలెందుకు, వర్గమూలాన్ని నేరుగా సమాకలనం చేసేద్దాం" అని. చేయలేం. ఇది దీర్ఘవృత్తీయ సమాకలని. సైను, లాగరిథమ్, వర్గమూలం లాంటి మనకు తెలిసిన ప్రమేయాలతో దీనికి జవాబు రాయడం అసాధ్యమని ఫ్రెంచి గణితజ్ఞుడు లియూవిల్ 1830లలోనే నిరూపించాడు. పాఠ్యపుస్తకంలో చాప దైర్ఘ్యం లెక్కలన్నీ చక్కగా తేలిపోతాయి, ఎందుకంటే తేలే వక్రాలనే ఏరి పెడతారు. బయట దొరికే వక్రాలు ఒంపు తిరిగిన రేకుల్లాగే ఉంటాయి. సంఖ్యాత్మక పద్ధతిని చేతకానివాడి దారి అనుకునే పిల్లలకు ఈ మాట గట్టిగా చెప్పాలనిపిస్తుంది: ఇక్కడ అదే అసలు దారి.

ముందుగా సమలంబ నియమం. మొదటిదీ చివరిదీ సగం సగం తీసుకోండి, మధ్యవి పూర్తిగా కలపండి, నాలుగుతో భాగించండి. 0.6358 + 1.2355 + 1.1439 + 1.0442 + 0.5 = 4.5594. నాలుగో వంతు 1.1398 పైచిలుకు.

ఇక సింప్సన్ నియమం. మొదటిది, చివరిది ఒక్కొక్కసారి, రెండోదీ నాలుగోదీ నాలుగేసి సార్లు, మధ్యది రెండుసార్లు కలిపి పన్నెండుతో భాగించాలి. మొత్తం 13.6782, సగటు మళ్లీ 1.1398 పైచిలుకే.

దర్జీ టేపు, జ్యాల కిటుకు, సమలంబ నియమం, సింప్సన్. నాలుగూ ఒక్క చోటికే వచ్చాయి. పద్నాలుగు శాతం.

ఇక్కడ నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటుంది. సింప్సన్ నియమమే మెరుగైనదని మనం పిల్లలకు నూరిపోస్తాం. ఈ లెక్కలో 0, 45, 90 డిగ్రీల మూడు విలువలే తీసుకుని చూడండి. సమలంబ నియమం 1.1398 దగ్గరికే తెస్తుంది. సింప్సన్ నియమం 1.1412 ఇస్తుంది. అంటే మూడే విలువలున్నప్పుడు చిన్నవాడు పెద్దవాణ్ని గెలిచాడు! కారణం ముడతలోనే ఉంది. సాగుడు గీసి చూస్తే 0 డిగ్రీల దగ్గర గీత పైకి ఉబ్బి ఉంటుంది, అక్కడ సమలంబం కొంచెం తక్కువ కొలుస్తుంది. 90 డిగ్రీల దగ్గర గీత కిందికి కుంగి ఉంటుంది, అక్కడ అంతే ఎక్కువ కొలుస్తుంది. రెండు చివరలా గీత చదునుగా ఉండి అవతలి వైపు అద్దంలోలాగా మళ్లీ అదే వస్తుంది. అందుకే తప్పుకు తప్పు చెల్లు. మళ్లీ మళ్లీ వచ్చే వక్రాలన్నిటికీ, ఒక పూర్తి ఆవర్తనం మీద లెక్క కడితే, సమలంబ నియమం ఇలాగే అద్భుతంగా పనిచేస్తుంది. సింప్సన్ ఆ విలువల్లో కొన్నిటికి ఎక్కువ, కొన్నిటికి తక్కువ బరువు వేసి ఆ చెల్లును చెడగొడతాడు.

నమ్మని వాళ్లకోసం ఇంకో పరీక్ష. ఒక కాగితాన్ని గొట్టంలా చుట్టి, కత్తితో ఏటవాలుగా కోయండి. కోసిన అంచు దీర్ఘవృత్తం. కాగితం విప్పి చూడండి, అదే అంచు సైను వక్రంగా పరుచుకుంటుంది. కాగితం సాగదు కాబట్టి రెండింటి పొడవూ ఒకటే. గొట్టం చుట్టుకొలత 3 అంగుళాలుండి, కోత పైకొన కింది కొన కంటే ముప్పావు అంగుళం ఎత్తుంటే, విప్పాక వచ్చేది మన రేకు ముడతే. ఆ దీర్ఘవృత్తం అర్ధాక్షాలు 0.6071, 0.4775 అంగుళాలు. దీర్ఘవృత్తం చుట్టుకొలతకు రామానుజన్ 1914లో ఇచ్చిన ఉజ్జాయింపు సూత్రం ఇది: అర్ధాక్షాల మొత్తానికి మూడు రెట్లు తీసుకోండి. దాంట్లోంచి, (పెద్దదానికి మూడు రెట్లు + చిన్నది), (పెద్దది + చిన్నదానికి మూడు రెట్లు) అనే రెండింటి లబ్ధానికి వర్గమూలం తీసివేయండి. వచ్చినదాన్ని పై విలువతో గుణించండి. జవాబు 3.4195 అంగుళాలు. మన 1.1398ని మూడుతో గుణించి చూసుకోండి.

ఈ దీర్ఘవృత్తం వల్లే రేకు లెక్కకు ఉప్పల్‌తో చుట్టరికం కలుస్తుంది. సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ 1967 నుంచి ఉప్పల్‌లోనే ఉంది. మన ప్రాంతం పిల్లలు దాని ప్రహరీ పక్కనుంచే తిరుగుతారు. భూమి సరిగ్గా గోళం కాదు, ధ్రువాల దగ్గర కొంచెం అణిగి ఉంటుంది. కాబట్టి ఉత్తర దక్షిణాలుగా పోయే రేఖాంశం వృత్తం కాదు, దీర్ఘవృత్తం. 1802లో మద్రాసు దగ్గర ఆధార రేఖ కొలిచి సర్వే మొదలుపెట్టిన లాంబ్టన్ ఏళ్ల తరబడి హైదరాబాదు కేంద్రంగా పనిచేశాడు. 1818లో ఆయనకు సహాయకుడిగా నియమితుడైన ఎవరెస్టు ఇక్కడికే వచ్చి చేరాడు. వాళ్లు కొలిచిన రేఖాంశ చాపం ఆధారంగా ఎవరెస్టు 1830లో నిర్ణయించిన భూమి ఆకారంలో అర్ధాక్షాలు సుమారు 6,377 కిలోమీటర్లు, 6,356 కిలోమీటర్లు. భూమధ్య రేఖ నుంచి ధ్రువం దాకా దూరం ఎంత అని అడిగితే ఎదురయ్యేది మన రేకు దగ్గర ఎదురైన సమాకలనియే. వాళ్లు దాన్ని శ్రేణిగా విడగొట్టి పదం పదం కలిపారు, మనం సమలంబాలు వేశాం. అక్కడ రెండు అక్షాల తేడా 21 కిలోమీటర్లే కాబట్టి శ్రేణి త్వరగా తేలుతుంది.

మళ్లీ మేస్త్రీ సంగతి. అతను చెప్పిన గవర్నమెంటు లెక్క నిజమే. కేంద్ర ప్రజాపనుల శాఖ స్పెసిఫికేషన్లలో రంగుల పని కొలతల దగ్గర, ఇనుప ముడత రేకులను చదునుగా కొలిచి 14 శాతం కలపాలని ఉంది. ఆ ఏర్పాటు వల్ల మేస్త్రీ, ఇంజినీరు ప్రతిసారీ సమాకలనం చేయనక్కర లేదు. షెడ్డు పొడవు 40 అడుగులని మనం రాసుకున్న చోట బ్రష్షు నడిచిన దారి 45 అడుగుల 7 అంగుళాలు. వాలు దిశలో 15 అడుగులు అలాగే ఉంటాయి, ఎందుకంటే ఆ దిశలో ముడత లేదు. కాబట్టి 2,400 చదరపు అడుగులు 2,736 అవుతాయి. మర్నాడు ఖజాంచి సాబ్‌ను వెంటబెట్టుకుని వెళ్లి డబ్బు ఇచ్చాను, లెక్క కాగితం కూడా చూపించాను. అతను కాగితం వైపు చూడలేదు. "మా ఉస్తాద్ చెప్పిన లెక్క సార్, నాకు వేరే తెల్వదు" అన్నాడు. మూడు వారాలు ఎలా గడిచాయని నేను అడగలేదు, అడిగే ముఖం లేదు.

బిల్లులు చూసే కమిటీ సభ్యులకు ఒక మాట. పద్నాలుగును గుడ్డిగా అన్ని రేకులకూ అంటించకండి. గట్టుకూ గట్టుకూ 75 మిల్లీమీటర్లు, లోతు 18 మిల్లీమీటర్లు ఉన్న రేకు అయితే పై పద్ధతిలోనే సగటు సాగుడు 1.1297 వస్తుంది, అంటే 13 శాతం. లోతులో ఒక మిల్లీమీటరు తగ్గితే దాదాపు ఒక శాతం తగ్గిందన్నమాట. మన షెడ్డుకే అయితే అది రూ.240 తేడా. మాట ముందే అనుకుని ఉంటే ఆ మాటే చెల్లుతుంది, లేకపోతే రేకును కొలవండి. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న రంగు పూత రేకుల్లో ముడతలు గుండ్రంగా ఉండవు, తిన్నని అంచులతో సమలంబాల్లా ఉంటాయి. వాటికి సమాకలనం అక్కర లేదు. ఏటవాలు అంచులను పైథాగరస్‌తో తీసి, చదును భాగాలకు కలిపితే జవాబు కచ్చితంగా వచ్చేస్తుంది.

పిల్లలకు ఇంటిపని. పాత సిమెంటు రేకులో గట్టుకూ గట్టుకూ 146 మిల్లీమీటర్లు, లోతు 48 మిల్లీమీటర్లు. సైను వక్రమే అనుకుని వాలు గుణకం తీయండి (పై × 48 ÷ 146), 0, 45, 90 డిగ్రీల దగ్గర సాగుడు కట్టి సమలంబ నియమం వేయండి. తర్వాత ఐదు విలువలతో మళ్లీ చేయండి. రెండుసార్లూ 1.2286 చుట్టుపక్కల రావాలి. ఈ రకం రేకుకు ఆ స్పెసిఫికేషన్లు కలపమన్నది 20 శాతం. ఆ తేడాలో ఎంత భాగం అసలు రేకు సైను వక్రంలా లేకపోవడం వల్ల వచ్చిందో, దర్జీ టేపుతో కొలిచి చూసి ఆదివారం కాగితం తీసుకురండి.